నాలుగో దిక్కు ఆట

నాకు డప్పు సప్పుడంటె భయం. కరీంనగర్ దిక్కు పుట్టి డప్పుకు భయపడేటోడు ఉంటడా అని మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, నాకేం ఫికర్ లేదు. ఇరవై రెండేండ్ల సంది సూరత్‌ల బట్ట నేసే లూముల నడుమ బతుకుతున్న. వంద మిషన్లు ఒక్కసారి ఆడుతుంటె పక్కనున్నోని మాట వినరాదు, ఆ సప్పుడుల నాకు నిద్ర కూడ వస్తది. గని నవాగామ్‌ల మా గల్లి చివరన ఎవడన్న డప్పును మంటకు కాపి రెండు దెబ్బలు కొట్టి చూస్తె చాలు, చేతుల ఉన్న పానా కింద పెడుత.

ఇది ఊరికెనే వచ్చిన భయం కాదు. మా ఇంటి దేవుడు వీరభద్రుడు. ఏడాదికొకపారి పండుగ నాడు మా నాయిన చేతికి దేవుని కత్తి ఇస్తుండిరి. మా నాయిన మగ్గం నేసేటోడు, మాట మెత్తన, చీమను కూడ తొక్కని మనిషి. డప్పు జోరందుకుంటె మాత్రం ఆయన ఆయన కాకుంట అయితుండె. దేవుడు ఒంటి మీదికి వచ్చి ఊగుడును మా దిక్కు శిగం అంటరు. శిగం వచ్చేముందు మనిషి జర సేపు కదలకుంట నిలవడుతడు. చూపు ఒక్కకాడనే ఉంటది, గదుమ పైకి లేస్తది, కాలివేళ్లు నేలను పట్టుకుంటయి. అగో, అప్పుడే ఇంటి రక్తం ఉన్నోడు ఎనుక నుంచి పోయి నడుము పట్టుకోవాలె. ముంగట నుంచి పోవద్దు, పేరు పెట్టి పిలువద్దు, ఆలస్యం అసలే చెయ్యద్దు. మా తాతను మా నాయిన పట్టుకున్నడు, మా నాయినను మా చిన్నాయిన పట్టుకుంటుండె. ఇది మా ఇంటి ఆచారం.

నాకు తొమ్మిదేండ్లున్నప్పుడు ఒక పండుగకు చిన్నాయిన ఆలస్యం చేసిండు. ఎవరితోనో ముచ్చట పెడుతున్నడు. మా నాయిన నిలవడ్డది నేను చూసిన, చిన్నాయిన చూడలే. చూసి ఉరికేవరకు కత్తి తిరగనే తిరిగింది. చిన్నాయిన కుడిచెయ్యి మోచేతి కింద తెగింది. పానం దక్కింది గని ఆ చెయ్యి మళ్ల మగ్గం ముట్టలేదు. తెలివికి వచ్చినంక మా నాయిన తమ్ముని చెయ్యి చూసి ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవులల్ల ఉన్నది. ఊరంత ఒక్కటే మాట, నిలవడ్డప్పుడే పట్టుకుంటె ఇట్ల కాకపోవు అని. ఆ మాట నా బొక్కలల్ల దిగింది. నువ్వు చూసినవ్ గదరా, ఎందుకు చెప్పలే అని నన్ను ఎవరూ అడగలే. నన్ను నేనే అడిగిన, ఇప్పటికీ అడుగుత.

సూరత్‌కు వచ్చినంక ఆ పీడ పోయిందనుకున్న. పెండ్లయింది, ఒక్కతే బిడ్డ. ఇక్కడ్నే పుట్టింది, ఇక్కడ్నే పెరిగింది. నాతోని తెలుగు, దోస్తులతోని హిందీ, దుకాణపాయనతోని గుజరాతీ, కోపమొస్తె మూడు కలిపి కొడుతది. దానికి పదకొండేండ్లప్పుడు నవాగామ్‌ల మనోళ్లు బతుకమ్మ ఆడుతుంటె డప్పులు మోగినయి. ఆడుకుంట ఆడుకుంట బిడ్డ నిలవడ్డది. చూపు ఒక్కకాడ, గదుమ పైకి. నా పై పానం పైనే పోయింది. ఉరికి పోయి నడుము పట్టి ఎత్తుకొని ఇంటికి తెచ్చిన. పొద్దుగాల సంది ఏం తినలేదు, కండ్లు తిరిగినయి అన్నది మా ఆమె. డాక్టర్ కూడ గదే అన్నడు, రక్తం తక్కువున్నది, టానిక్ తాగిపియ్యుండ్రి అని. టానిక్ తాగిపిచ్చిన గని నమ్మలే. మా ఇంటి శిగం ఆడపిల్లకు రాదని ఎవడన్న రాసిచ్చిండా?

అప్పటి సంది బిడ్డను డప్పు దిక్కు పోనియ్యలే. గణపతి నిమజ్జనం వద్దు, బతుకమ్మ దూరం నుంచే చూడాలె. సూరత్‌ల పుట్టిన పిల్లను నవరాత్రిల గర్బాకు పోనియ్యకుంట ఇంట్ల కూసుండబెట్టి టీవీ సప్పుడు పెంచిన తండ్రిని నేనొక్కన్నే అయ్యుంట. పిల్లను డబ్బల పెట్టి మూత బిగిస్తవా ఏంది అని మా ఆమె రోజూ లొల్లి. బిడ్డ మాత్రం నన్ను ఏమనకపోయేది. దానికి భయమంటె ఏందో తెల్వదు. కుక్క మొరిగితె పారిపోవాల్సింది పోయి దాని దగ్గరికే పోతది. దాని వంతు భయం కూడ నేనే పడుతున్న అనుకునేటోన్ని.

ఖటోదరాల మా సేటు కార్ఖానా పాతది. ఐదేండ్ల కింద సేటు పాత లూములు పీకేసి, నీళ్ల ధారతోని పోగును విసిరే జపాను మిషన్లు తెప్పిచ్చిండు. వాటి వెంబడి ఒక జపాను సారు వచ్చిండు. అరవై దగ్గర పడ్డ మనిషి, పొట్టిగ, సన్నగ ఉంటడు, కుడి మోకాలు నొప్పి. మిషన్లు బిగించి మాకు నేర్పి పోవాల్సినోడు, సేటు మిషన్లు పెంచుకుంట పోతుంటె ఇక్కడ్నే ఉండిపోయిండు. నన్ను ఆయన చేతికింద వేసిండ్రు. ఆయన హిందీ ముక్కలు ముక్కలు, నా హిందీ ఏమన్న గొప్పదా, ఇద్దరికి మంచిగనే కుదిరింది.

ఆయనకొక అలవాటు ఉండె. కొత్త మిషన్‌కు పానా పెట్టేముందు దాని ముంగట నిలవడి రెండుసార్లు వంగుతడు, రెండుసార్లు చప్పట్లు కొడుతడు, మళ్లొకపారి వంగుతడు. మొదట్ల మేము పక్కకు తిరిగి నవ్వుకున్నం. ఎందుకు సారు అంటె, వాళ్ల ఊరి గుడి ముంగట గట్లనే మొక్కుతరట, మిషన్ల కూడ ఏదో ఉంటది, అడగకుంట చెయ్యి పెట్టద్దు అన్నడు. మేము దసరాకు పానాలకు, సుత్తెలకు బొట్టు పెట్టేటోళ్లమే గదా, ఆ మాట నాకు నచ్చింది. కొన్నాళ్లకు ఎవరూ చూడనప్పుడు నేను కూడ వంగుడు మొదలుపెట్టిన.

ఐతారం పొద్దుగాల సారు ఆయన ఉండే బిల్డింగు మిద్దె మీద కట్టె కత్తితోని సాము చేస్తుండె. చుట్టుపక్కల పిల్లలు ఐదారుగురు నేర్చుకునేందుకు వచ్చేటోళ్లు. ఒక ఐతారం సారుకు కడుపు మంచిగ లేదంటె మా ఆమె పెరుగన్నం డబ్బ కట్టి బిడ్డతోని పంపింది. డబ్బ ఇచ్చి రమ్మంటె పోరి రెండు గంటలు అక్కడ్నే నిలవడి చూసి వచ్చి, నేను నేర్చుకుంట బాపు అన్నది. నాకు సంబరమే అయింది. కాలేజీకి బస్సుల పోయే పిల్ల, నాలుగు దెబ్బలు కొట్టుడు నేర్చుకుంటె మంచిదే. అన్నిటికంటె పెద్ద సంగతి, అక్కడ డప్పు లేదు.

మొదటి మూడు నెలలు సారు నడక తప్ప ఏం నేర్పలే. మడిమ లేపకుంట, పాదం నేలను రాసుకుంట, నడుము ఊగకుంట నడువాలె. బిడ్డ వంటింటి నుంచి తలుపు దాక, తలుపు నుంచి వంటింటి దాక గట్లనే తిరిగేది. బండలు అరిగితె ఇంటి ఓనరు ఊకోడు అని మా ఆమె నవ్వేది. తర్వాత కట్టె కత్తి చేతికిచ్చిండు. ఏడాది తిరిగేవరకు అది కత్తి దించుతుంటె గాలి సర్రుమనేది. నేను కార్ఖానాల అందరికి గొప్పలు చెప్పుకునేటోన్ని.

ఒక ఐతారం ఏదో పార్టు సంగతి అడగాలని సారు మిద్దె ఎక్కిన. మిగిలిన పిల్లలు పోయిండ్రు, మా బిడ్డ ఒక్కతే ఉన్నది. కుడిచేతుల కత్తి, ఎడమచేతుల చిన్న చిన్న గజ్జెల గుత్తి. సారు గోడకు ఆనుకొని కూసొని చిన్న డోలును పుల్లలతోని కొడుతున్నడు. నా కాళ్లు మెట్ల మీదనే ఆగిపోయినయి. గజ్జెలు, కత్తి, డోలు. దేని నుంచి పారిపోయి ఇంత దూరం వచ్చి పడ్డనో అది నాకంటె ముందు మిద్దె ఎక్కి కూసున్నది.

ఏంది సారు ఇది అని అడిగిన. సారు నిమ్మలంగ చెప్పిండు. దీన్ని కగూరా అంటరట. గుళ్లె దేవుని ముంగట చేసే ఆట. కొండలల్ల ఉన్న వాళ్ల ఊర్ల వాళ్ల తాత ఆడిండు, నాయిన ఆడిండు, ఈయన మీసాలు రాకముందు సంది ఆడిండు. కత్తి పట్టుకొని నాలుగు దిక్కులకు పోయి ఒక్కొక్క దిక్కును శుద్ధి చేస్తరు, అక్కడ చెడుంటె నరికి పంపిస్తరు. నడక అదే, కోత అదే, ఇన్నొద్దులు నేను సాము అనుకున్నదంత ఇందులదే. వాళ్ల దేశంల పాత కత్తి విద్యలు కొన్ని గుళ్ల కాడనే పుట్టినయట. సాము చేసేటోళ్లు గుడి ఆట చూసి నడక నేర్చుకున్నరని వాళ్ల ఊరి ముసలోళ్లు అంటరట, ఆటగాళ్లే మమ్మల్ని చూసి నేర్చుకున్నరని సామోళ్లు అంటరట, ఏది ముందో ఎవరికెరుక అని నవ్విండు. కట్టె కత్తి తీసుకొని ఒకపారి మెల్లగ, ఒకపారి జోరుగ దించి చూపిచ్చిండు. మెల్లగ చేస్తె మొక్కు, జోరుగ చేస్తె దెబ్బ, చెయ్యి ఒక్కటే అన్నడు.

నాకు గవన్ని ఎందుకు? నేను ఒక్కటే అడిగిన. ఇది ఆడుతుంటె దేవుడు మనిషి ఒంటి మీదికి వస్తడా?

సారు డోలు పుల్లలు పక్కన పెట్టిండు. ఎనుకట వచ్చేటోడట, ఆడేటోళ్ల నోటితోని మాట్లాడేటోడట. తర్వాత తర్వాత ఆటనే మిగిలింది. ఇప్పుడు దేవుడు వచ్చి చూసి పోతడు, మనిషి మనిషి లెక్కనే ఉండాలె, అట్ల ఉండేందుకే ఇన్ని అడుగులు, ఇంత కట్టడి అన్నడు. ఆయన చెప్పింది మొత్తం ఇది. నా చెవులకు మాత్రం వచ్చేటోడు అన్న ఒక్క మాటనే ఎక్కింది.

ఇంటికొచ్చి, ఇగ బంద్, ఆ మిద్దె ఎక్కితె కాళ్లు విరగ్గొడుత అన్న. బిడ్డ ఏడ్వలే, లొల్లి చెయ్యలే. ఒక షరతు పెట్టింది. ఆట మొదటి నుంచి చివరి దాక ఒక్కసారి చూడు, చూసినంక కూడ వద్దంటె కత్తి ముట్ట అన్నది.

ఇంతకంటె న్యాయమైన మాట ఉంటదా? మూడుసార్లు పోయిన. మూడుసార్లు నడుమల్నే లేచి వచ్చిన. ఆట తూర్పుతోని మొదలైతది, తర్వాత దక్షిణం, తర్వాత పడమర. పడమరకు వచ్చేవరకు గజ్జెలు జోరందుకుంటయి, డోలు దెబ్బలు దగ్గర పడుతయి, నేను మెట్ల దిక్కు చూస్త. ఒకపారి ఫోన్ వచ్చిందని లేచిన. ఒకపారి కార్ఖానాల మోటరు కాలిందని అబద్ధమాడిన. మూడోసారి ఏం చెప్పకుంటనే మెట్లు దిగిన. ఉత్తరం దిక్కు ఆట ఎట్లుంటదో నేను చూడనే లేదు. చూడలేదని ఒప్పుకోనీకి సిగ్గయింది, చూడకుంట వద్దనే హక్కు లేకపాయె. గట్లనే రోజులు నడిచినయి, బిడ్డ మిద్దె ఎక్కుడు మానలే.

పోయినేడు సేటు వడోద్ దిక్కు కొత్త షెడ్డు కట్టిండు. దసరా నాడు పొద్దుగాల ముహూర్తం. సారు ఆట సంగతి ఎట్ల తెలిసిందో సేటు చెవిన పడ్డది. ఆయనకు మస్తు నచ్చింది. దసరా అంటెనే ఆయుధాల పండుగ, కత్తితోని నాలుగు దిక్కులు శుద్ధి చేస్తె ఇగ అంతకంటె ఏం కావాలె అన్నడు. సారుకు మోకాలు వంగుతలేదు. నేను డోలు కొడుత, ఆడేది ఈ పిల్ల అన్నడు సారు. పండుగైన వారానికి ఆయన వాళ్ల దేశం పోవుడు. వాళ్ల ఊర్ల కూడ ఆడేటోళ్లు తక్కువైండ్రట. నలుగురి ముంగట నాలుగు దిక్కులు పూర్తి చేస్తె ఇగ ఆ ఆట ఈమెది, గజ్జెలు ఈమెకే ఇచ్చి పోత అన్నడు. ఆ మాట అన్నప్పుడు నేను బిడ్డ ముఖం చూసిన. దాని ముఖంల అంత వెలుగు పుట్టినకాడి నుంచి చూడలే. వద్దందామంటె నోరు రాలేదు.

కట్టె కత్తైతె ఎట్లనో ధైర్యం చేద్దును. దేవుని ముంగట కట్టెది పనికిరాదట, సారు తన ఇనుప కత్తి బయటికి తీసిండు. అంచు లేదు చూడు అని నా చేతికిచ్చిండు. అంచు మీద వేలు రాసిన, నిజమే, కోస్తలేదు. మొన మీద బొటనవేలు పెట్టిన. మొన ఉన్నది. మనిషికి మొన చాలు.

ఆ పది రోజులు నేను తిన్నది ఒంటికి పట్టలే. బిడ్డ చదువుకుంటుంటె దాని కాలివేళ్లు చూసేటోన్ని, నేలను పట్టుకున్నయా అని. పండ్లు తోముకుంట కిటికీల నుంచి ఎటో చూస్తె దగ్గరికి ఉరికేటోన్ని. ఏందే, ఏం చూస్తున్నవ్ అంటె, పావురం బాపు అనేది. ముంగట వరుసల సేటు మనుమలు కూసుంటరు, మా ఆమె కూసుంటది, కత్తి ఎవరి దిక్కు తిరుగుతదో ఎవరి మెడ తెగుతదో అని కార్ఖానాల కూడ అదే ఆలోచన. తెగినోళ్ల సంగతి ఒక ఎత్తు. తెలివికి వచ్చినంక అది చూసుకొని నా బిడ్డ మా నాయిన ఏడ్చినట్టు ఏడ్వద్దు. దేవున్ని నేను అడిగింది ఇదొక్కటే.

వడోద్‌ల ఉండే మనోళ్లు ముహూర్తానికి డప్పులు తెస్తమన్నరు. కాళ్లు పట్టుకున్నంత పని చేసి, ఆట అయ్యేదాక ముట్టమని ఒట్టు పెట్టిపిచ్చుకున్న. శిగం దించేటందుకు అంగి జేబుల విభూతి పొట్లం పెట్టుకున్న. చిన్నాయిన చేసిన తప్పు నేను చెయ్య అని వందసార్లు అనుకున్న.

దసరా నాడు షెడ్డు కడిగి రంగోలి వేసిండ్రు, మిషన్లకు బంతిపూల దండలు వేసిండ్రు. నడుమ జాగల సారు నాలుగు మూలలకు నాలుగు వెదురుకట్టెలు నిలవెట్టి, చుట్టు తాడు కట్టి, తెల్లకాగితాలు వంకరటింకరగ కత్తిరిచ్చి దానికి వేలాడదీసిండు. ఆట అయ్యేదాక తాడు లోపటికి ఎవరూ రావద్దు, సేటైన సరే అన్నడు. ఆ మాట బిడ్డనే అందరికి హిందీల చెప్పింది. చెప్పుకుంట నా దిక్కు చూసింది. నేను తల ఊపిన. కుర్చీలు ఉత్తరం దిక్కు వేసి ఉన్నయి. మా ఆమె పక్కన జాగ పెట్టి రమ్మని చెయ్యి ఊపింది. నేను పోలే. దక్షిణం దిక్కు తాడు బయట నిలవడ్డ. అక్కడి నుంచి నడుమకు నాలుగు అడుగులు. ముందే కొలుచుకున్న.

బిడ్డ తెల్ల అంగి, ఎర్ర కుచ్చిళ్ల బట్ట కట్టుకొని వచ్చింది. సారు ఎప్పటి లెక్కనే వంగి, చప్పట్లు కొట్టి, డోలు ముంగట కూసున్నడు. తూర్పు. పాదాలు నేలను రాసుకుంట పోయింది, గజ్జెలు ఒక్కసారి గలగలమన్నయి, కత్తి మెల్లగ దిగింది, కాలు ఒకపారి నేల మీద దబ్బున పడ్డది. దక్షిణం. నా దిక్కే తిరిగి వచ్చింది, నన్ను చూసింది గని చూడనట్టే ఉన్నది. పడమర. డోలు దెబ్బలు దగ్గర పడ్డయి. కాళ్లు మెట్ల దిక్కు పోతమన్నయి, గని ఇక్కడ మెట్లు లేవు, ఇయ్యాల పారిపోవుడు లేదు. గజ్జెలు వాన కొట్టినట్టు మోగుతున్నయి.

ఉత్తరం. బిడ్డ నాకు వీపు పెట్టి, కుర్చీల దిక్కు తిరిగి నడుమల నిలిచింది. కత్తి దిగింది, కాలు దబ్బున పడ్డది. డోలు ఆగింది. గజ్జెలు ఆగినయి. బిడ్డ కూడ ఆగింది.

ఇగ కదులుతదేమో అని చూసిన. కదలలే. షెడ్డంత సప్పుడు లేదు. జర పక్కకు వంగి చూస్తె దాని గదుమ కనవడుతున్నది, పైకి లేచి ఉన్నది. కాలివేళ్లు చూసిన. సిమెంటును గట్టిగ పట్టుకొని ఉన్నయి. కత్తి మొన ఎదురుంగ, మా ఆమె కూసున్న దిక్కే ఉన్నది. నా కండ్లకు షెడ్డు లేదు, సూరత్ లేదు. చిన్నాయిన ఎవరితోనో ముచ్చట పెడుతున్నడు, నేను చూస్తున్న, నేనొక్కన్నే చూస్తున్న. తాడు ఎప్పుడు తెగిందో నాకు తెల్వదు. నాలుగు అడుగులు ఎట్ల వేసిన్నో తెల్వదు. పేరు పెట్టి పిలువలే. ఎనుక నుంచి పోయి రెండు చేతులతోని నడుము పట్టుకున్న.

నా చేతుల నడుమ అది ఒక్కసారి కిందికి జారినట్టయింది. మోచెయ్యి నా పక్కబొక్కల మీద పడ్డది, ఊపిరి ఆగిపోయింది, చేతులు ఊడినయి. అది తిరిగింది. నాకు కనవడ్డది తెల్ల అంగి చెయ్యి ఒక్కటే. తర్వాత గొంతు గుంట కాడ సల్లగ ఏదో ఆగింది. సూది కుచ్చినంత నొప్పి, అంతే.

నేను దాని కండ్లల్ల దేవున్ని వెతికిన. లేడు. మా నాయిన కండ్లు ఆ పొద్దు ఎట్లుండెనో నాకు గుర్తున్నది, ఎటు చూస్తున్నయో తెల్వని కండ్లు. ఇవి అట్ల లేవు. నా బిడ్డ పూరా తెలివితోని, పూరా మెలకువతోని నన్ను చూస్తున్నది. మొదలు నేనెవరో గుర్తుపట్టింది, తర్వాత కత్తి ఎక్కడున్నదో చూసింది. అప్పుడు దాని ముఖం మారింది. పద్దెనిమిదేండ్లు నేను ఎన్నడూ చూడని భయం నా కండ్ల ముంగటనే దాని ముఖంలకు వచ్చింది. కత్తి చేతులనుంచి జారి సిమెంటు మీద పడ్డది.

"నీ గొంతు దాక వచ్చినంక నువ్వని తెలిసింది బాపు" అన్నది. మెల్లగనే అన్నది.

జేబుల విభూతి పొట్లం చినిగి అంగంత తెల్లగైంది. గొంతు మీద ఒక్క రక్తం బొట్టు. మా ఆమె ఉరికొచ్చి నా గొంతు చూసి, ఏం కాలేదని చెప్పి బిడ్డ దిక్కు పోయింది. సారు కుంటుకుంట వచ్చి బిడ్డ ముంగట కూసొని కత్తి తీసుకున్నడు. ఏదో అడిగిండు. మళ్ల మొదలుపెడుదమా అని అడిగినట్టున్నడు. బిడ్డ తల అడ్డంగ ఊపింది. సేటు మంచోడు, పరువు పోకుంట కొబ్బరికాయ కొట్టిపిచ్చి మిషన్లు ఆన్ చేయించిండు. అందరికి ఫాఫ్డా, జిలేబీ పంచిండ్రు. నా చేతుల కూడ ఒక ప్లేటు పెట్టిండ్రు, నేను దాన్ని పట్టుకొని నిలవడ్డ.

మరునాడు సారు కార్ఖానాల నన్ను పక్కకు కూసుండబెట్టుకొని చెప్పిండు. ఉత్తరం కాడ ఆగుడే ఈ ఆటల అసలైందట. వచ్చిన దేవుడు మళ్లిపోయేదాక కదలకుంట ఉండాలె. సాముల కూడ అంతే, దెబ్బ కొట్టినంక ఆగి, ముంగట ఎంతనో ఎనుక కూడ అంత ఎరుకతోని ఉండాలె. ఆ ఆగినకాడ ఎనుక నుంచి ముట్టుకుంటె మనసుకంటె ముందు ఒళ్లు జవాబు చెప్తదట. నలభై ఏండ్లల్ల ఆ టైంల ఎవరూ ముట్టుకోంగ చూడలేదన్నడు. కోపం లేదు ఆయన మాటల. లేచేముందు, కత్తిని ఆమె ఆపింది, నేనైతె ఆపకపోదునేమో అన్నడు.

నా బిడ్డకు శిగం రాలేదు. ఎన్నడూ రాలేదు. నిలవడ్డది దేవుని వల్ల కాదు, అది నేర్చుకున్న విద్య. నేను ఒక్కనాడు చివరి దాక కూసొని ఉంటె నాకు తెలుస్తుండె. ఎన్నిసార్లు చెప్పింది, చూడు బాపు అని.

పోయేముందు సారు గజ్జెలు తీసుకొని మా ఇంటికి వచ్చిండు. ఒక్క దిక్కే గదా మిగిలింది, ఇప్పుడు ఇక్కడ్నే చేస్తె చాలు అన్నడు. బిడ్డ లేచి నిలవడ్డది, మూడు అడుగులు వేసింది, ఆగాల్సిన కాడ ఆగలేకపోయింది. తల తిప్పి ఎనుకకు చూసింది. మళ్ల మొదలుపెట్టింది, మళ్ల చూసింది. నేను అప్పుడు వంటింట్ల ఉన్న, తలుపు సందుల నుంచి కనవడుతున్నది. మూడోసారికి ఆయనకు దండం పెట్టి లోపటికి పోయింది. సారు గజ్జెలను గుడ్డల చుట్టుకొని తీసుకపోయిండు.

ఏడాదయితున్నది. కాలేజీల గోడకు ఆనుకొని చివరి బెంచీల కూసుంటదట. వంటింట్ల మేమెవరన్న ఉంటె కూరగాయలు కొయ్యది, చాకు కింద పెడుతది. చాయ్ గ్లాసు తీసుకొని నేను ఎనుక నుంచి పోతె ఉలిక్కిపడి గోడకు అతుక్కుంటది, నన్ను చూసి తప్పుచేసినట్టు నవ్వుతది. ఆ నవ్వు చూస్తె నాకు చెప్పరానంత భయమైతది. దాన్ని పట్టుకోనీకి ఎవరి రక్తం పనికొస్తది ఇప్పుడు? మా ఇంట్ల పట్టుకునే ఆచారం ఉన్నది గని ఇడిచే ఆచారం లేదు.

పొద్దుగాల దాన్ని బస్టాపు దాక పంపుడు నా పని. మొన్న గల్లి మలుపు కాడ ఆగింది. చెప్పుల పట్టీ సరిచేసుకుంటున్నదేమో అని నేను కూడ ఆగిన. అది కిందికి చూసుకుంటనే, ఎన్నాళ్ల సంది అడుగుదామనుకున్నదో, అడిగింది.

"నువ్వు నా ఎనుక నడువకు బాపు, ముందట నడువు."

అప్పటి సంది ముందట నడుస్తున్న. రోడ్డంత సప్పుడు, రిక్షాలు, టెంపోలు, అది వస్తున్నదా లేదా వినరాదు. ఎనుకకు మలిగి చూడబుద్దయితది. మలిగితె మళ్ల ఎక్కడ ఉలిక్కిపడుతదో అని చూడకుంటనే నడుస్త.